గుండెల మీద పేపరు

కొండ రోడ్డు మీద మా ఇంటి మలుపులో బ్రేకు వేయకుండా ఎవరూ కిందికి దిగరు. లారీ మూలుగుతుంది, బస్సు ఉస్సురంటుంది. సైకిలుది వేరు. ఎవరో పళ్ళ సందులోంచి గాలి పీల్చినట్టు సన్నగా వినబడుతుంది. ఆ చప్పుడు చెవిన పడితే చేతిలో ఏ పనున్నా ఆగిపోతుంది నాకు. ఇప్పటికీ అంతే. తడి దుప్పటి జారి నేల మీద పడితే మా పెద్దమ్మాయి కింద నుంచే పసిగట్టి అరుస్తుంది.

"ఉతికింది మళ్ళీ ఉతకాలా? నీ చెవులు కోసి ఆ దండెం మీద ఆరేస్తానుండు!"

మాది బట్టలుతికే పని. చల్లగాలి కోసం వచ్చేవాళ్ళకు కొండ మీద లాడ్జీలున్నాయి. ఆ లాడ్జీల దుప్పట్లూ దిండు గలీబులూ తువ్వాళ్ళూ మూటలుగా మా ఇంటికి దిగి, మడతలుగా పైకెక్కుతాయి. కింది గదిలో మిషన్లు, ముందు గదిలో ఇస్త్రీ బల్ల, పైన డాబా మీద దండేలు. మిషన్లూ ఇస్త్రీ బల్లా పెద్దమ్మాయి రాజ్యం. ఆరెయ్యడం, మడతపెట్టడం, పాత పేపర్లో చుట్టి దారం కట్టడం నా వంతు.

నేను బడి ముఖం చూడలేదు. సబ్బు పెట్టెల మీది పేర్లూ బస్సుల నుదుటి బోర్డులూ చూసి అక్షరాలు పోల్చుకున్నాను. మిగిలిన చదువంతా ఆ చుట్టే పేపర్లలోనే కూడబలుక్కున్నాను. అందుకే నాకు తెలిసిన వార్తలన్నీ పాతవి, అవి కూడా సగం సగం. 'మిగతా ఏడో పేజీలో' అని ఉంటుంది. ఆ ఏడో పేజీ అప్పటికే ఎవరి దుప్పట్లనో చుట్టుకుని లాడ్జీకి వెళ్ళిపోయి ఉంటుంది. నా తల ఇంకా నల్లగా ఉన్న రోజుల్లో, సంతలో తల్లి చెయ్యి వదిలి తప్పిపోయిన ఒక పిల్ల గురించి సగం చదివాను. దొరికిందో లేదో తెలియదు. దొరికి ఉంటే ఇప్పుడు దానికీ మనవలుంటారు. దుప్పట్లు మడతపెడుతుంటే అప్పుడప్పుడూ గుర్తొస్తుంది.

మా ఆయన సాయంత్రానికల్లా వస్తానని మా మలుపులోనే బస్సెక్కాడు. బస్సు కనుమరుగయ్యేదాకా నిలబడి చూశాను. కింద వాగు దగ్గర బోల్తా పడింది. చూడ్డానికీ పడడానికీ సంబంధమేమిటని పెద్దమ్మాయి ఎన్నోసార్లు కసిరింది. సంబంధం లేదని నాకూ తెలుసు. అయినా అప్పటి నుంచి ఎవరు వెళ్తున్నా చివరిదాకా చూడను. ముందే తల తిప్పేసుకుని ఏదో పనిలో పడతాను.

ప్రతి వేసవిలో మా చిన్నాడూ కోడలూ వచ్చి కొన్ని వారాలు ఉండి వెళ్ళేవారు. సంచులు బస్సు మీద వచ్చేవి, వాళ్ళు సైకిళ్ళ మీద వచ్చేవారు. వేలెడు లావు టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిళ్ళు ఉండే సైకిళ్ళవి. చిన్నాడు ఆసుపత్రిలో మిషన్లు బాగుచేస్తాడు. కోడలు కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్ష చేస్తుంది. ఏడాదంతా నాలుగు గోడల మధ్య పని. కొండలెక్కితే గానీ వాళ్ళకి ఊపిరాడదు. పొద్దున్నే మా ఇంటి నుంచి బయల్దేరి కొండ నెత్తిన టవరు దాకా తొక్కడం, అవతలి వైపు దిగి మళ్ళీ ఎక్కడం, ఎండ ముదిరేలోపు ఇల్లు చేరడం. అదీ వాళ్ళ సెలవు.

"ఒళ్ళు హూనం చేసుకోడానికి సెలవు పెట్టి మరీ వస్తారేంటర్రా?" అనేది పెద్దమ్మాయి. "నా బల్ల దగ్గర నిలబడండి, మలుపు దాటకుండానే హూనం చేసి పంపిస్తా."

వాళ్ళకి రెండు అలవాట్లుండేవి. రెండూ నాకు ఇష్టమే.

ఒకటి, చిన్నాడు పెట్టిన రూలు: ముందు టవరు చేరినవాళ్ళు అక్కడ కాలు కింద పెట్టకూడదు, కూర్చోకూడదు. వెంటనే సైకిలు తిప్పి, వెనకబడ్డవాళ్ళ దగ్గరికి దిగి, వాళ్ళ పక్కనే మళ్ళీ ఎక్కాలి. అంటే బలం ఉన్నవాళ్ళకే రెట్టింపు చాకిరీ. చాలాసార్లు చిన్నాడే ముందుండేవాడు. కానీ మా కోడలు కూడా తక్కువది కాదు. వాడికి జలుబు చేసిన రోజుల్లో అదే వాడిని తోలుకొచ్చేది.

రెండోది పేపరు. ఎక్కేటప్పుడు ఒళ్ళంతా చెమట. పైనుంచి దిగేటప్పుడు గాలి ఆ చెమట మీద కత్తిలా తగులుతుంది. గుండెకి జలుబు పడుతుందట. అందుకని దిగబోయే ముందు పేపరు మడిచి చొక్కా లోపల గుండెల మీద పెట్టుకుంటారు. రోజూ పొద్దున్నే నా కట్టలోంచి చెరో కాగితం తీసి మడత పెట్టి గుమ్మం దగ్గర ఉంచేదాన్ని. తిరిగొచ్చేటప్పుడు ఇద్దరూ పొట్లాల్లాగా చప్పుడు చేసుకుంటూ లోపలికొచ్చేవారు. కోడలు తన కాగితం బయటికి లాగి, చెమట ఆరేలా దండెం మీద వేసి, నాకు చెప్పేది.

"ఇవాళ నా గుండెల మీద బంగారం ధర పెరిగింది అత్తయ్యా."

ఇంకోరోజు, "ఇవాళ నా గుండెల మీద ప్రభుత్వం కూలిపోయింది."

నేను పేపరుని చెయ్యి చాపినంత దూరంలో పట్టుకుని, వేలు పెట్టి చదవడం మొదటి వేసవిలోనే గమనించింది ఆ పిల్ల. ఎవరితోనూ అనలేదు. ఆ పై ఏడు ఒక పెట్టె నిండా అద్దాలు తెచ్చి, డాబా మీద కూర్చోబెట్టి, ఒక్కొక్కటే మార్చి మార్చి పెట్టి చూసింది. దగ్గరికి ఒక జోడు, దూరానికి ఒక జోడు ఇచ్చింది. దూరపు జోడు పెట్టుకుని తలెత్తితే కొండ మీద టవరు కింద చివరి మలుపులు గీసినట్టు కనబడ్డాయి. అంతకుముందు నాకు అక్కడ రోడ్డుందని తెలుసు, అంతే.

కొన్నేళ్ళ తర్వాత ఒక వేసవిలో చిన్నాడు ఒక్కడే ముందొచ్చాడు. బ్రేకు చప్పుడు విని నేను డాబా దిగేసరికి గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు.

"అమ్మాయేదిరా?"

"వస్తోందమ్మా."

నీళ్ళు తాగాడు. మొహం కడుక్కున్నాడు. చొక్కా మార్చుకున్నాడు. నా కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. వాడు ఒక్కసారీ అటు చూడలేదు. చివరికి కోడలు వచ్చింది. ఎర్రటి మొహంతో, జుట్టు నుదుటికి అతుక్కుపోయి, సైకిలు గోడకానించి నా భుజం మీద తల వాల్చింది. బరువంతా వేసింది.

"ఏం మరదలా, దారిలో పెళ్ళిచూపులకేమైనా ఆగావా?" అంది పెద్దమ్మాయి.

"చూశాను వదినా, నీకే. నీ ఇస్త్రీ పెట్టె గురించి చెప్పగానే పారిపోయాడు."

అందరం నవ్వాం. చిన్నాడు కూడా నవ్వాడు. కానీ ఆ నవ్వు కోడలి వైపు తిరగలేదు.

మర్నాడు దూరపు అద్దాలు పెట్టుకుని డాబా ఎక్కాను. దుప్పట్ల సందులోంచి కొండ కనబడుతోంది. చివరి మలుపుల్లో ముందు ఒక చుక్క ఎక్కింది. దాని నీలం చొక్కాని బట్టి చిన్నాడని పోల్చుకున్నాను. టవరు దగ్గరికి చేరింది. ఇప్పుడు తిరుగుతుంది, ఇప్పుడు తిరుగుతుంది అనుకుంటూ క్లిప్పులు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. నీలం చుక్క అక్కడే ఉండిపోయింది. చాలాసేపటికి కోడలి పసుపు చుక్క కింది మలుపులోంచి బయటపడి, తనంతట తాను మెల్లగా ఎక్కింది.

ఆ మర్నాడూ అంతే. ఆ తర్వాత కూడా.

"వాడు వెనక్కి దిగడం లేదే" అన్నాను పెద్దమ్మాయితో.

"ఎవడు? ఎక్కణ్ణించి?"

చెప్పాను. అది ఇస్త్రీ పెట్టె ఆపకుండానే, "వాడికేం కొత్తగా మీసాలొస్తున్నాయా? వయసు మీద పడుతోంది, మోకాళ్ళు పట్టేసి ఉంటాయి. నువ్వు కొండ మీదికి చూడ్డం మానేసి ఆ గలీబులు చూడు, నీలం ఎక్కువైంది" అంది.

మోకాళ్ళు అనుకుందామని చూశాను. రాత్రి భోజనాల దగ్గర వాడి మోకాళ్ళు చూశాను, బాగానే ముడుచుకుంటున్నాయి. ఇద్దరూ ఒకరికొకరు గిన్నెలు అందించుకుంటున్నారు. అడగకముందే అందిస్తున్నారు. ఇంట్లో మాట పెరగలేదు, తలుపు చప్పుడు కాలేదు. ఏ తప్పూ పట్టుకోలేకపోయాను. చుట్టాలింటికి వచ్చిన ఇద్దరు చుట్టాల్లా ఉన్నారు. నా భయమంతా అదే.

ఒకరోజు పొద్దున్న కావాలనే వాళ్ళకి పేపర్లు బయట పెట్టలేదు. అడగకుండానే వెళ్ళిపోయారు. వాళ్ళు అటు వెళ్ళగానే, టవరు కింది లాడ్జీకి మూటలు తీసుకెళ్ళే వ్యానులో నేనూ ఎక్కాను.

"ఏంటి పెద్దమ్మా, పైకి ప్రయాణం?" అన్నాడు డ్రైవరు.

"ఇన్నాళ్ళూ మూటలు పంపించాను కదా, ఎక్కడికెళ్తున్నాయో చూద్దామని."

దారిలో ముందు కోడలిని దాటాం. నడుం వంచి, తల దించి, ఒక్కో పెడలునీ బావిలోంచి చేద లాగినట్టు లాగుతోంది. వ్యానులో నేనున్నట్టు చూడలేదు. ఆ పై మలుపుల్లో ఎక్కడా చిన్నాడు లేడు.

టవరు దగ్గర పిట్టగోడ మీద కూర్చుని ఉన్నాడు. హెల్మెట్ పక్కన పెట్టుకుని ఫోను చూసుకుంటున్నాడు. గాలికి టవరు తీగలు ఈల వేస్తున్నాయి.

"నువ్వేంటమ్మా ఇక్కడ?"

"పేపర్లు మర్చిపోయి వచ్చారు."

"దానికోసం ఇంత దూరమా?"

"లాడ్జీ మూటలొస్తుంటే వాటితో పాటు నేనో మూట."

నవ్వి, నన్ను కూర్చోబెట్టడానికి పక్కకి జరిగాడు. నేను కూర్చోలేదు.

"అమ్మాయి కింద మలుపులో కష్టపడుతోంది. వెళ్ళి తోలుకురా."

ఫోను బోర్లించి ఒళ్ళో పెట్టుకున్నాడు. కాసేపు రోడ్డు వైపే చూశాడు.

"ఎవరి వేగం వాళ్ళదమ్మా" అన్నాడు.

విసుక్కోలేదు. కోపమూ లేదు. రేపు వాన పడేలా ఉంది అన్నట్టు అన్నాడు. అలసిపోయి ఉన్నాడు. అది కొండ ఎక్కిన అలసట కాదు. వాడు చిన్నప్పుడు జ్వరం తగ్గాక మంచం మీద లేచి కూర్చునేవాడు. ఇప్పుడు మొహం అలాగే ఉంది.

కోడలు వచ్చింది. సైకిలు దిగగానే వాడు లేచి, తన నీళ్ళ సీసా మూత తీసి అందించాడు. అది తాగి, సీసా తిరిగిచ్చేస్తూ అంది.

"థాంక్స్."

"పర్లేదు."

నా చేతిలో రెండు పేపర్లున్నాయి. గాలికి టపటపా కొట్టుకుంటున్నాయి. మొగుడూ పెళ్ళాలు నీళ్ళు ఇచ్చుకుని థాంక్స్ చెప్పుకోవడం నేను నా ఇంట్లో వినలేదు. మా ఆయన నాకు ఒక్కనాడూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం వచ్చేంత దూరంలో మేమెప్పుడూ నిలబడలేదు.

"పేపర్లు తెచ్చారా అత్తయ్యా!" అని కోడలు నా దగ్గరికి వచ్చింది. ఒకటి తీసుకుని చొక్కా లోపల పెట్టుకుంది. వాడు ఇంకోటి పెట్టుకున్నాడు. ముందు వాడు దిగాడు. కొంచెం ఆగి అది దిగింది. నేను తల తిప్పుకున్నాను.

దుప్పట్లు మడవడానికి ఇద్దరు కావాలి. పెద్ద మంచాలవి ఒక్కరి చేతికి లొంగవు. చెరో రెండు కొసలు పట్టుకుని, దులిపి, బిగలాగి, ఎదురెదురుగా నడవాలి. మధ్యలో కలిసి, ఒకరి కొసలు ఇంకొకరి చేతిలో పెట్టి, కింద వేలాడే మడత అందుకుని మళ్ళీ వెనక్కి నడవాలి. ఆ రోజు మధ్యాహ్నం ఎండ తగ్గాక కోడలు డాబా మీదికి వచ్చి, అడగకుండానే అవతలి కొసలు పట్టుకుంది.

కొన్ని దుప్పట్లు మడిచాం. తర్వాత ఎదురొచ్చినప్పుడు, "మీకు తెలిసిపోయింది కదా" అంది.

"నాకేం తెలుస్తుందమ్మా, డాబా మీద ఉండేదాన్ని."

"దూరపు అద్దాలిచ్చింది నేనే అత్తయ్యా. ఎంత దూరం కనబడుతుందో నాకు తెలీదా?"

వెనక్కి నడిచాం. దుప్పటి బిగిసింది.

"ఏం గొడవ పడ్డారు?"

"గొడవేం లేదు. ఉంటే మా మధ్య అదైనా ఉండేది."

"వాడు చెయ్యి చేసుకున్నాడా? చెప్పు. ఇంకెవరైనా..."

"ఛ! అలాంటిదేం కాదు. అలాంటోడైతే నాకు పని తేలికయ్యేది. తిట్టుకుని పోయేదాన్ని."

ఎదురెదురుగా నడిచాం. నా కొసలు తన చేతిలోకి తీసుకుంటూ అంది. "తనొక్కడే కాదు. కిందటేడు నేను ముందెక్కిన రోజులున్నాయి. తను వెనక ఉన్నాడని తెలుసు. దిగబుద్ధి కాలేదు. ఎందుకు కాలేదో తెలిసినా సరిచేసుకునేదాన్నేమో. ఇద్దరం అలిసిపోయాం అత్తయ్యా. విడిపోతున్నాం. కాగితాల పని కూడా మొదలైంది. మీకు చెప్పడానికే కలిసి వచ్చాం. రోజూ రేపు చెబుదాం అనుకుంటున్నాం."

నేను కింద మడత అందుకోవాలి. వంగలేదు. దుప్పటి మా ఇద్దరి మధ్యా వేలాడుతోంది.

"వాడితో విడిపోతే విడిపో. మరి నేనో?" అన్నాను.

అనాలని అనలేదు. నోట్లోంచి వచ్చేసింది. ఆ పిల్ల నా కళ్ళజోడు తీసి, తన చీర కొంగుండే చోట చెయ్యి వేసి, ఒంటి మీద చొక్కానే ఉందని గుర్తొచ్చి, చేతిలో ఉన్న లాడ్జీ దుప్పటి కొసతోనే అద్దాలు తుడిచి మళ్ళీ నాకు పెట్టింది.

"ఇకనుంచి మిమ్మల్ని ఏమని పిలవాలో నాకూ తెలీడం లేదు" అంది.

"పిలిచేటప్పుడు చూసుకోవచ్చు. ఇది పట్టుకో, కొస నేలకి తగులుతోంది."

మడత పూర్తి చేశాం. ఇంకోటి తీశాం.

పెద్దమ్మాయికి నేనే చెప్పాను. అది ఇస్త్రీ పెట్టె పట్టుకునే వింది. కాసేపటికి కమురు వాసన వచ్చింది. ఇస్త్రీ పెట్టె ఎత్తితే తెల్లటి దుప్పటి నడిమధ్య గోధుమరంగు అచ్చు పడి ఉంది. ఇన్నేళ్ళలో ఒక్క బట్ట కాల్చని మనిషి.

"దీన్ని మనింట్లో వాడుకుందాంలే" అంది దాన్ని మడిచి పక్కన పెడుతూ. తర్వాత ముక్కు చీది, "ఇంకో మరదలిని తెస్తానంటే కుదరదని చెప్పు వాడికి. దీనితో వేగడం నేర్చుకోడానికే ఇన్నేళ్ళు పట్టింది నాకు" అంది.

చిన్నాడు ముందు వెళ్ళిపోయాడు. ఆసుపత్రి నుంచి ఫోనొచ్చిందన్నాడు, వచ్చే ఉంటుంది. ఈసారి తొక్కుకుంటూ వెళ్ళలేదు. సైకిలు బస్సు మీద కట్టించాడు. బస్సు కోసం మలుపులో నిలబడి ఉండగా వాడి చొక్కాకి పైగుండీ ఊడి వేలాడుతోంది. లోపలికెళ్ళి సూదీ దారం తెచ్చాను.

"విప్పక్కర్లేదు, నిలబడు."

నా ముందు గడ్డం ఎత్తి నిలబడ్డాడు.

"నువ్వు నన్ను తిట్టడం లేదేంటమ్మా?"

"మాట్లాడకు, సూది గుచ్చుకుంటుంది."

"తిడితే బాగుండు."

"తిట్టే ఓపిక లేదురా. అక్కనడుగు, దాని దగ్గర నిలవుంది."

దారం పళ్ళతో తెంపాను. వాడి గుండె గబగబా కొట్టుకుంటోంది, ఊరికే నిలబడి ఉన్నా. కోడలు లోపలి నుంచి వాడి హెల్మెట్ పట్టుకొచ్చింది.

"మర్చిపోయావు."

"థాం..." అన్నాడు. పూర్తి చేయలేదు. ఆ సగం మాటకి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చాలా రోజుల తర్వాత చూసుకున్నారు. బస్సు వచ్చింది. కిటికీలోంచి వాడు చెయ్యి ఊపుతున్నాడని నాకు తెలుసు. నేను సూది దిండులో గుచ్చే పనిలో ఉన్నాను.

కోడలు కూడా ఆ వెంటనే వెళ్ళిపోతుందనుకున్నాను. ఇంతలో వానలు ముందుగా దిగాయి. దండేల మీద ఏవీ ఆరడం లేదు. లాడ్జీల వాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు. ముందు గదిలో తాళ్ళు కట్టి ఫ్యాన్ల కింద ఆరేశాం. ఇల్లంతా తడి దుప్పట్ల మధ్య వంగి నడవడమే.

"ఇవయ్యాక వెళ్తాను" అంది కోడలు.

దుప్పట్లు ఎప్పటికీ అయిపోవు. అది దానికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఒక రోజు ఎండ కాసింది. కొండ అవతలి ఊళ్ళో కళ్ళజోళ్ళ దుకాణంలో పని కుదిరిందని, చేరే రోజు దగ్గర పడిందని చెప్పింది. సంచి బస్సు మీద పంపించేసింది. తాను టవరు మీదుగా తొక్కుకుంటూ వెళ్తానంది.

"వాన రోడ్డు! జారిపోతావే" అన్నాను.

"మెల్లగా దిగుతాను అత్తయ్యా."

"బస్సుకి వెళ్ళచ్చుగా."

"బస్సులు మాత్రం..." అని ఆగిపోయింది. నా చెయ్యి పట్టుకుంది. "మెల్లగా దిగుతాను" అని మళ్ళీ అంది.

పెద్దమ్మాయి ఇస్త్రీ బల్ల దగ్గర నుంచి కదల్లేదు. "మరదలా, ఆ ఊళ్ళో దుప్పట్లు ఎవడు ఉతుకుతాడో గానీ, తేడా వస్తే ఇక్కడికి పంపించు" అంది, గోడ వైపు తిరిగి.

ఆ పొద్దున్న పేపరు వేసే అబ్బాయి రాకముందే నేను గుమ్మంలో ఉన్నాను. లాడ్జీల కోసం కాకుండా నా కోసం పేపరు కొనడం అదే మొదటిసారి. మడత విప్పలేదు. చంకలో పెట్టుకుని వ్యానెక్కాను. చివరి మలుపుల దగ్గర మట్టి జారి ఉంది. మనుషులూ సైకిళ్ళూ పోవచ్చు గానీ వ్యాను వెళ్ళదన్నాడు డ్రైవరు. దిగి నడవడం మొదలుపెట్టాను.

ఎంత నడిచినా రోడ్డు నా ముందే ఉంది. మోకాళ్ళు ఒకదాన్నొకటి అడిగి గానీ కదలడం లేదు. వెనక టైర్ల చప్పుడు వినబడింది.

"అత్తయ్యా! మీకేమైనా పిచ్చా?"

"పేపరు మర్చిపోయావు. నువ్వు పో. నేను మెల్లగా వస్తాను."

"ఇక్కడే ఇచ్చెయ్యండి."

"దిగే చోట ఇవ్వాలి. నువ్వు పో."

నన్ను దాటి ముందుకెళ్ళింది. మలుపు తిరిగింది. నేను అలవాటుగా తల తిప్పి లోయ వైపు చూస్తూ నడిచాను. వెళ్ళిపోయింది, పైన కూర్చుని ఉంటుంది అనుకున్నాను. అప్పుడు వినబడింది బ్రేకు చప్పుడు, పళ్ళ సందులోంచి గాలి పీల్చినట్టు. తలెత్తాను. పసుపు చొక్కా కిందికి దిగి వస్తోంది. నా పక్కకి వచ్చి, సైకిలు తిప్పి, నాతో పాటు ఎక్కడం మొదలుపెట్టింది.

నా నడకకి సైకిలు నిలబడదు. అందుకని కాస్త ముందుకెక్కడం, తిరగడం, దిగి రావడం, మళ్ళీ నా పక్కన ఎక్కడం. ఒక్కో మలుపులో ఎన్నిసార్లు తిరిగిందో. చెమట గడ్డం మీంచి కారుతోంది.

"దిగి నడవొచ్చుగా అమ్మాయ్!"

"కాలు కింద పెట్టకూడదు. రూలు."

"ఎవడు పెట్టాడమ్మా ఆ రూలు?"

రొప్పుతూ నవ్వింది. ఎవరు పెట్టారో ఇద్దరికీ తెలుసు.

టవరు దగ్గర పిట్టగోడ తడిగా ఉంది. ఇద్దరం ఊపిరి అందేదాకా నిలబడ్డాం. చంకలోంచి పేపరు తీసిచ్చాను. బరువు చూసి తిరగేసింది.

"ఇది ఇవాళ్టిది. మొత్తం ఉంది."

"ఆ."

"మీరు చదవలేదా?"

"లేదు."

నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపల పెట్టుకుని జిప్పు లాగింది. ఛాతీ లావుగా, పలకలా అయింది. నన్ను కౌగిలించుకుంటే మా మధ్య పేపరు నలిగి చప్పుడైంది.

"వెళ్ళొస్తా అత్తయ్యా."

అవతలి వైపు రోడ్డు మడతలు మడతలుగా దిగుతుంది. కనబడుతుంది, కొండ వెనక్కి పోతుంది, మళ్ళీ కింద కనబడుతుంది. నేను లోయ వైపు తిరగబోయాను. తిరగలేదు. దూరపు అద్దాలు సరిచేసుకుని పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాను. పసుపు చుక్క కనబడింది, పోయింది, కనబడింది. మెల్లగానే దిగుతోంది. ప్రతి మలుపులో బ్రేకు వేస్తోంది, చప్పుడు నాదాకా రాకపోయినా చుక్క నెమ్మదించడం తెలుస్తోంది. చివరికి చెట్ల కిందికి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఇంకా చాలాసేపు అక్కడే చూశాను.

ఇల్లు చేరేసరికి పెద్దమ్మాయి నా మొహం చూసింది. కుర్చీ జరిపింది. మడతపెట్టాల్సిన దుప్పట్లు గుట్టగా ఉన్నాయి. ఒక్కదాన్నే ఒక పెద్దది తీసి, ఒక కొస దండేనికి క్లిప్పు పెట్టి, ఇంకో కొస పట్టుకుని చూశాను. వంకరగా వచ్చింది. విప్పి మళ్ళీ పెట్టాను.

ఎండ వాలాక పెద్దమ్మాయి ఫోను మోగింది. ఎత్తి, "బతికే ఉన్నావా మరదలా?" అని, కాసేపు విని, ఫోను నా చేతిలో పెట్టింది. "నాతో మాట్లాడదట. నీకేదో చదవాలట."

"అత్తయ్యా" అంది. అదే మాట, అలాగే అంది. "గదికి చేరాను. పేపరు ఆరేశాను. మొదటి పేజీ చెమటకి కొంచెం అలుక్కుపోయింది గానీ చదవొచ్చు. మొదలుపెట్టనా?"

"మొదలుపెట్టు."

చదవడం మొదలుపెట్టింది. ఎక్కడో వాగు మీద వంతెన కడుతున్నారు, ఏళ్ళ తరబడి ఆగిన పని. ఎవరో అడ్డుపడ్డారు, ఎవరో ఒప్పుకున్నారు. గొంతు అలిసిపోయి ఉంది. ఒక చోట ఆగింది.

"ఇక్కడ 'మిగతా ఏడో పేజీలో' అని ఉంది."

నా చేతిలో దుప్పటి కొస ఉంది. వదిలేశాను. నేల మీద పడింది. పెద్దమ్మాయి చూసింది గానీ అరవలేదు.

"ఏడో పేజీ ఉందా అమ్మాయ్?"

"ఉందత్తయ్యా. నా దగ్గరే ఉంది. ఉండండి, తిప్పుతున్నాను."

అవతల తడి కాగితం మెల్లగా ఊడి వస్తున్న చప్పుడు వినబడింది. దుప్పట్ల గుట్ట మీద కూర్చున్నాను.